క్యూజినేర్ రాడ్లు: చురుకైన చిన్నారులకు 74 ముక్కల సెట్ సరిపోతుందా?

బెల్జియం ఉపాధ్యాయుడు జార్జ్ క్యూజినేర్ లెక్కలు నేర్పడానికి రూపొందించిన ఈ రాడ్లు 10 రంగుల్లో, 1 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుల్లో ఉంటాయి. వంద దాకా గడగడా లెక్కపెట్టేసి, ఆ తర్వాత తోచక కూర్చునే ఐదేళ్ల పిల్లలకు ఇంత మంచి వస్తువు అరుదు.

మొదటి వారం ఊరికే ఆడుకోనివ్వండి, అంకెల మాట ఎత్తొద్దు. తర్వాత 3 సెంటీమీటర్ల లేత ఆకుపచ్చ రాడ్ ఇచ్చి, అంతే పొడవును ఎన్ని రకాలుగా పేర్చవచ్చో అడగండి. ఎరుపు (2 సెం.మీ.)-తెలుపు (1 సెం.మీ.), తెలుపు-ఎరుపు వేర్వేరని లెక్కేస్తే, ఆ రాడ్‌తో కలిపి 4 రకాలు. 4 సెంటీమీటర్ల ఊదాకి 8, 5 సెంటీమీటర్ల పసుపుకి 16. ప్రతిసారీ రెట్టింపవుతోందని వాళ్లే కనిపెట్టాలి. మీరు చెప్పేస్తే ఆ ఆనందం వాళ్లకు దక్కదు.

చిక్కల్లా ఇక్కడే. పసుపు వరసలన్నీ పేర్చడానికి 28 తెల్ల ముక్కలు కావాలి, సెట్‌లో ఉండేవి 22. ఒక్క బిడ్డకే చాలవు, ఇద్దరికిస్తే మరీ ముందే ఆగిపోతారు. తెల్లవి విడిగా తీసుకోండి.

సెంటీమీటరు గీతలున్న రకం మాత్రం వద్దు: పొడవులు పోల్చడం మానేసి గళ్లు లెక్కపెడతారు. మూడేళ్లలోపు పిల్లలుంటే తెల్ల ముక్కలు అందనివ్వకండి, గొంతులో ఇరుక్కుంటాయి.