బంగారు పూతా, గుర్రాల లెక్కా, వరసలో చోటా?

పాత యూరప్ రాజబగ్గీల ఫొటోలు చూసినవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే: వీటిలో అన్నిటికంటే గొప్పది ఏది? ఆనాటి ప్రభువుకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న మాత్రం వేరు. తన హోదా ఊరంతటికీ తెలియాలంటే డబ్బు దేని మీద పెట్టాలి?

బండి సింగారం మీద అంటే, పోర్చుగల్‌కు సాటి లేదు. 1716లో ఆ దేశపు దూత ఫాంటెస్ మార్క్విస్ పోప్ దర్శనానికి రోమ్‌లో ఊరేగిన బగ్గీల్లో మూడు ఇప్పటికీ లిస్బన్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకదాని వెనక ఇద్దరు ముసలివాళ్ల శిల్పాలు చేతులు కలిపి ఉంటాయి. ఒకరు అట్లాంటిక్, మరొకరు హిందూ మహాసముద్రం. రెంటినీ కలిపింది మేమేనని పోప్‌కు చెప్పడమన్నమాట! లండన్ బంగారు బగ్గీ (1762) దాదాపు 4 టన్నులు. ఎనిమిది గుర్రాలు కట్టినా మనిషి నడకే. అందులో కూర్చుంటే అలల మీద ఓడలో ఉన్నట్టుందని నాలుగో విలియం రాజు వాపోయాడట.

గుర్రాల సంఖ్య వీధి చివర ఉన్నవాడికీ అర్థమవుతుంది. ఇంగ్లండ్ రాజుకు ఆప్తుడైన బకింగ్‌హామ్ ఆరు గుర్రాలతో తిరుగుతున్నాడని విని, 1621లో చెర నుంచి బయటపడిన నార్తంబర్లాండ్ ఎర్ల్ ఎనిమిది కట్టించాడని చెబుతారు. చిక్కు అక్కడే ఉంది. ఎవరైనా ఇంకో రెండు కట్టించగలరు.

మనుషులు మోసుకెళ్లే మోతకుర్చీ సంగతి ఎత్తకపోయినా ఫరవాలేదు. లండన్‌లో 1634 నుంచే అది బాడుగకు దొరికేది.

నా ఓటు వరసలో చోటుకే, అంటే ఎవరి ముందు ఎవరన్న మర్యాదకే. పారిస్‌లోని లూవ్ర్ రాజభవనం ఆవరణలోకి బండితో వెళ్లే హక్కు ఆనాడు డ్యూకుల వంటి కొద్దిమందిదే. మిగతావాళ్లు ఎంత పూత పూయించినా బయటే దిగి నడవాలి. డబ్బుతో ఆ గేటు తెరుచుకోదు.

1661 సెప్టెంబరు 30న లండన్‌లో ఈ అగ్రతాంబూలం కోసం రక్తమే పారింది. కొత్తగా వచ్చిన స్వీడన్ రాయబారి వెనక మొదటి బండి ఫ్రాన్స్‌దా, స్పెయిన్‌దా? ఫ్రెంచివాళ్ల దగ్గర మందీ పిస్తోళ్లూ ఎక్కువ. స్పెయిన్ వాళ్లు ముందే ఆలోచించి, గుర్రాలను బండికి కట్టే పట్టీల్లో ఇనుప గొలుసులు పెట్టి పైన తోలు కప్పారు. కత్తులకు అవి తెగలేదు. ఫ్రెంచి గుర్రాలు చచ్చాయి, మనుషులూ పోయారు, స్పెయిన్ బండి ముందుకు సాగిపోయింది. ఆ గెలుపు ఆరు నెలలు కూడా నిలవలేదు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ యుద్ధం చేస్తానని బెదిరించడంతో, ఇకపై ఫ్రాన్స్‌తో ఆ చోటుకు పోటీ పడమని 1662 మార్చిలో స్పెయిన్ దూత లూవ్ర్‌లో నిండు సభలో చెప్పాల్సి వచ్చింది.

గొడవ చూద్దామని ఆ రోజు వీధుల్లో పరుగెత్తిన లండన్ నౌకాదళ కార్యాలయ ఉద్యోగి శామ్యూల్ పీప్స్, ఒళ్లంతా బురదతో బాడుగ బండెక్కి ఇల్లు చేరి, స్పెయిన్ పక్షాన వాదించి భార్యను విసిగించానని డైరీలో రాసుకున్నాడు. నేనూ ఆ పక్షమే.