డిస్క్ లేని ల్యాబ్‌కి ఐపీలు: పూల్ మేలా, రిజర్వేషన్ మేలా?

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో 60 సిస్టమ్‌ల ల్యాబ్ మామూలే. హార్డ్‌డిస్కులు పీకేసి అన్నిటినీ ఒకే సర్వర్ నుంచి బూట్ చేయిద్దాం అనుకోగానే ఐపీల (నెట్‌వర్క్‌లో ఒక్కో సిస్టమ్‌కి ఉండే అడ్రస్ నంబర్ల) సంగతి ముందుకొస్తుంది. డిస్క్ ఉంటే ఒకసారి కూర్చుని కొట్టేస్తే సరి. లేనప్పుడు అది రాసిపెట్టుకునే చోటే ఉండదు, ఆన్ చేసిన ప్రతిసారీ నెట్‌వర్క్‌ని అడుక్కోవాల్సిందే.

ఐపీ అడిగే పాత పద్ధతుల్ని ముందే పక్కన పెట్టేద్దాం. 1984 నాటి ఆర్‌ఏఆర్‌పీ ఐపీ ఒక్కటే చెబుతుంది, బూట్ ఫైలు (సిస్టమ్ లేవడానికి ముందుగా దించుకోవాల్సిన ఫైలు) సంగతి చెప్పదు, రూటర్ దాటదు. ఏడాది తర్వాత వచ్చిన బూట్‌పీ ఆ లోట్లు తీర్చింది కానీ, ప్రతి సిస్టమ్‌నీ ముందే పట్టికలో ఎక్కించాలి. ఇప్పుడు పెట్టేవాళ్లకి డీహెచ్‌సీపీయే, అంటే అడిగిన సిస్టమ్‌కి సర్వర్ ఐపీ ఇచ్చే పద్ధతి. అందులో పూలా (అందరికీ ఉమ్మడిగా కొన్ని ఐపీలు), రిజర్వేషనా (ఒక్కో సిస్టమ్‌కి ఖాయంగా ఒక ఐపీ) అన్నదే తేలాలి.

పూల్ సుఖం. ఒక రేంజ్ రాసి వదిలేస్తే ఎవరు ముందొస్తే వాళ్లకి ఒకటి. బ్రాడీపేటలో పది సిస్టమ్‌లతో ట్యాలీ నేర్పే సెంటర్‌కి ఇంతకు మించి ఎందుకు?

60 అయితే కథ వేరు. డిస్క్ లేని సిస్టమ్ ఒక్క బూట్‌లోనే ఒకటికి రెండుసార్లు ఐపీ అడుగుతుంది: ముందు నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్ఈ (నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించే చిన్న ప్రోగ్రామ్), తర్వాత లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ). రెండూ తమ గుర్తింపును వేర్వేరుగా పంపితే, కొన్ని సర్వర్లు వాటిని ఇద్దరు మనుషులనుకుని రెండు లీజులు (కొంతకాలానికి ఇచ్చే ఐపీలు) ఇచ్చేస్తాయి. 100 అడ్రస్‌ల పూల్ పెట్టి నిశ్చింతగా ఉంటాం. కరెంటు పోయి వచ్చి అన్నీ ఒకేసారి లేస్తే, వెనక వరుసలో స్క్రీన్‌మీద ఈ51 అని పడుతుంది, అంటే ఐపీ ఇచ్చే నాథుడు లేడని. క్లయింట్ గుర్తింపును పట్టించుకోకుండా మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు సొంత నంబరు) మాత్రమే చూడమని సర్వర్‌కి చెబితే ఈ గొడవ పోతుంది.

అదే ఈ53 పడిందంటే ఐపీ దొరికింది, బూట్ ఫైలు పేరే రాలేదు. ముందుగా ఎవరైనా వైఫై రూటర్ తెచ్చి ల్యాబ్ స్విచ్‌కి గుచ్చారేమో చూడండి, అది తనే ఐపీ ఇచ్చేస్తుంది, బూట్ ఫైలు చెప్పదు. దీనికి పూలూ రిజర్వేషనూ రెండూ మందు కావు. స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (దొంగ సర్వర్లు ఐపీలు ఇవ్వకుండా ఆపేది) ఉంటే ఆన్ చేయాలి.

నా ఓటు రిజర్వేషన్‌కే. 31వ సీటుకి ఎప్పుడూ 192.168.10.31. ప్రాక్టికల్ పరీక్షలో ఎవరి ఫైలు ఎక్కడికి పోయిందో లాగ్ చూసి సీటు చెప్పేయొచ్చు. పైగా రూట్ ఫైల్‌సిస్టమ్ (ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్లు ఉండే చోటు) నెట్‌వర్క్ మీదే ఉంటుంది కాబట్టి, మధ్యలో ఐపీ మారితే సిస్టమ్ బిగుసుకుపోతుంది. ఆ టెన్షన్ కూడా ఉండదు. 60 మ్యాక్‌లు ఎవరు రాస్తారంటారా? మొదటిరోజు పూల్ పెట్టి, సీట్ల వరుసలో ఒక్కొక్కటే ఆన్ చేసుకుంటూ పోయి, లీజుల ఫైలు నుంచి తీసుకుంటే అయిపోతుంది. మదర్‌బోర్డు మార్చినప్పుడు మాత్రం ఒక లైను దిద్దాలి. ల్యాబ్ అసిస్టెంట్‌కి అది నేర్పి ఉంచండి.

కాలేజీ రూటర్ మీ చేతుల్లో లేదా? డీఎన్ఎస్‌మాస్క్ అనే చిన్న డీహెచ్‌సీపీ సర్వర్ ప్రోగ్రామ్‌ని ప్రాక్సీగా నడపండి: ఐపీలు రూటరే ఇస్తుంది, బూట్ ఫైలు మీరు ఇస్తారు. సీటుకొక ఐపీ కావాలంటే మాత్రం నెట్‌వర్క్ వాళ్లని బతిమాలాలి.

రిజర్వేషన్ చేసినా ఒక పదింటి చిన్న పూల్ అట్టే పెట్టండి. పరీక్ష రోజు స్పేర్ సిస్టమ్ పెట్టాల్సొస్తే అదే ఆదుకుంటుంది.