నిండుగా ఉందని టిక్కు పెట్టిన బ్రేక్ ఆయిల్: మా ఆర్వీతో ఏడేళ్లు

2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 25 అడుగుల క్లాస్ సి ఆర్వీ, అంటే వ్యాన్ ముందుభాగం మీద కట్టిన, పడకలూ వంటిల్లూ ఉన్న ఇంటిబండి, 2008 మోడల్. పడకలెన్ని, జనరేటర్ ఎంత మోత మోగుతుంది, గ్యాలన్‌కి ఎన్ని మైళ్లు వస్తుంది లాంటివి ఈ బండ్ల సంగతి తెలిసినవాళ్లందరికీ తెలుసు, వాటి జోలికి పోను. కొన్న మొదటి ఏడాది స్నేహితులందరి దగ్గరా డప్పు కొట్టింది నేనే: "మినీవ్యాన్ నడిపినట్టే ఉంటుంది, భయపడకండి" అని. ఆ మాట ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఫ్రీవే మీద మినీవ్యానే. కొండ దిగేటప్పుడు మాత్రం అది ఆరున్నర టన్నుల ఇల్లు.

నా కోపమంతా ఒక టిక్కు మీద. కొనేముందు డబ్బులిచ్చి మరీ ఇన్‌స్పెక్షన్ చేయించాం. ఆయన నిచ్చెనేసుకుని పైకప్పు ఎక్కి సీలెంట్ గోకి చూశాడు, ప్రొపేన్ లీకు చూశాడు, టైర్ల మీద తయారీ తేదీ చదివి "ఇవి మార్చుకోండి" అన్నాడు. నాలుగు పేజీల రిపోర్టులో బ్రేక్ ఆయిల్‌కి ఒక్కటే గడి. నిండుగా ఉంది, టిక్కు. ఆ తర్వాత ఏటా ఇంజిన్ ఆయిల్ మార్చే చోట కూడా అదే గడి, అదే టిక్కు. నాలుగేళ్లలో నాలుగు టిక్కులు. నిండుగా ఉంది సరే, ఎప్పటిది? ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. నాకూ రాలేదు.

2022 ఆగస్టులో అమ్మానాన్న తిరుపతి నుంచి వచ్చారు. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు, సర్వీసులో ఎక్కువ భాగం తిరుపతి - తిరుమల రూటే. కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు చూపించి, టయోగా కనుమ మీదుగా తూర్పుకు దిగి మోనో సరస్సు దగ్గర రెండు రాత్రులు ఉందామని ప్లాను. కనుమ మీద ఎత్తు 9,900 అడుగుల పైమాట. కింద లీ వైనింగ్ ఊరు 6,800 దగ్గర. మధ్యలో ఉన్నది 12 మైళ్లే. లెక్క చూస్తేనే అర్థం కావాలి ఎంత వాలో. నాకు అర్థం కాలేదు. నాన్నకు పైన బండి ఆపినప్పుడే అర్థమైంది.

"పాపా, ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాల. బ్రేకు మీద కాలు ఆనించి కూర్చోవద్దు."

"ఇది ఆటోమేటిక్ నాన్నా, టో-హాల్ బటన్ నొక్కితే అదే చూసుకుంటుంది."

టో-హాల్ నిజంగా మంచిదే, మొదటి ఏడాది స్నేహితుల దగ్గర నేను మెచ్చుకున్నవాటిలో అదీ ఒకటి. బ్రేకు తొక్కితే గేరు తనే దింపి ఇంజిన్‌తో కొంత పట్టి ఉంచుతుంది. కానీ అది చేయాల్సిన పనిని నా కుడికాలు చేయనివ్వలేదు. లోయ కుడి పక్కనే ఉంది, చాలాచోట్ల రెయిలింగ్ లేదు. ఆ భయానికి మెత్తగా, ఎడతెగకుండా బ్రేకు నొక్కుతూనే ఉన్నాను. ఎల్లరీ చెరువు దాటి నాలుగైదు మైళ్లు దిగాక ఏదో కాలిన వాసన. "లైనరు కాలతా ఉంది" అన్నారు నాన్న. ఇప్పటి బండ్లలో డిస్కుని నొక్కి చక్రాన్ని ఆపేవి ప్యాడ్లే అయినా ఆయనకు అన్నీ లైనర్లే. ముందు మలుపుకి గట్టిగా తొక్కాను. పెడల్ ఎప్పుడూ ఆగే చోట ఆగలేదు. మళ్లీ తొక్కితే ఇంకా కిందికి, దాదాపు నేలకి ఆనింది. దూది మీద కాలు పెట్టినట్టు.

బ్రేకు పట్టకపోవడంలో రెండు రకాలున్నాయని అప్పటికి నాకు తెలియదు. ప్యాడ్లు కాలిపోతే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. ఆయిల్ మరిగితే పెడలే మునిగిపోతుంది. మాది రెండోది.

"పంపు కొట్టు! వదులు, తొక్కు, వదులు, తొక్కు! గేరు కిందికి లాగు!"

లివర్ ఒకటికి లాగితే ఒకటి పడలేదు, ఆ వేగంలో పడదు కూడా. రెండు పడి ఇంజిన్ అరిచింది. పంపు కొడితే పెడల్ కాస్త లేచింది. పార్కింగ్ బ్రేకు రిలీజ్ పిడి ఎడమ చేత్తో లాగి పట్టుకుని, ఆ పార్కింగ్ బ్రేకు పెడల్‌ని కొంచెం కొంచెంగా తొక్కమన్నారు నాన్న. కుడివైపు బండ్లు పక్కకి ఆపుకునే కంకర జాగా (టర్నవుట్) కనిపిస్తే అందులోకి పోనిచ్చాను. బండి ఆగాక వెనక నుంచి అమ్మ గోవింద నామాలు వినిపించాయి. ఆ నామాలు ఎప్పుడు మొదలెట్టిందో తెలియదు. పిల్లలు డైనింగ్ సీట్లలో బెల్టులతోనే నిద్రపోతున్నారు.

మా ఆయన చక్రాలకు చెక్కలు పెట్టాడు. వెనక కుడి చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటే మొహానికి పొయ్యి సెగ తగిలినట్టుంది. నీళ్లు పోద్దామని బకెట్ తీశాడు. నాన్న కసిరారు: "డిస్కు పగుల్తాది, ఊరికే ఉండు." ముప్పావుగంట ఊరికే ఉన్నాం. పులిహోర తిన్నాం కూడా. ఆ తర్వాత తొక్కి చూస్తే పెడల్ రాయిలా గట్టిగా ఉంది. ఏమీ జరగనట్టు. మొదటి గేరులో గంటకి 20 మైళ్లు దాటకుండా మిగతాది దిగాం. వెనక కార్లవాళ్లు ఏమనుకున్నారో వాళ్లకే తెలియాలి.

ఆ "ఏమీ జరగనట్టు" అన్నదే అసలు మోసం. మర్నాడు కింద ఊళ్లో మెకానిక్ బండి నడిపి చూశాడు. ప్యాడ్లు సగం ఉన్నాయి, ఎక్కడా కారడం లేదు, ఆయిల్ నిండుగా ఉంది. "ఏ లోపమూ లేదు" అన్నాడు. ఐదో టిక్కు! ఆయన్నీ పూర్తిగా తప్పుపట్టలేను. మరిగినప్పుడు కాలిపర్‌లో (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం) పుట్టిన ఆవిరి చల్లారితే మళ్లీ ద్రవమే, సాక్ష్యం మిగలదు. ద్రవాన్ని నొక్కితే ఆ ఒత్తిడి చక్రం దాకా వెళుతుంది. ఆవిరిని నొక్కితే అదే కుంచించుకుపోతుంది. మన కాలి బలమంతా అందులోనే ఖర్చు.

ఇంటికొచ్చాక ఇంకో చోట చూపించాం. ఆ అమ్మాయి ముందు మూత తీసింది. పిల్లలకు మందు పోసే డ్రాపర్‌లాంటి దాంతో కొంచెం తీసి తెల్ల కాగితం మీద వేసింది. కొత్త బ్రేక్ ఆయిల్ లేత తేనె రంగులో ఉంటుంది, మాది ఫిల్టర్ కాఫీ డికాక్షన్. టెస్ట్ స్ట్రిప్ ముంచితే ఊదారంగుకి తిరిగింది. అది చూపేది నీటిని కాదట, పైపుల్లోంచి ఆయిల్‌లోకి దిగిన రాగిని. అంటే తుప్పు పట్టకుండా కాపాడే మందు ఎప్పుడో అయిపోయిందని. వెనక కుడి కాలిపర్ విప్పితే అది అటూఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ను తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ప్యాడు డిస్కును వదలడం లేదు. కొండ మీదికి రాకముందే ఆ చక్రం వేడెక్కుతూ వచ్చిందన్నమాట. పిన్నులు, రెండు వెనక కాలిపర్లు, రబ్బరు హోసులు, ఆయిల్ మొత్తం మార్చడం కలిపి 890 డాలర్లు.

ఇందులో నాకు కొరుకుడుపడనిది ఒకటుంది. మిగతా ఆయిళ్లు బండి నడిస్తే పాడవుతాయి, ఇది నిలబడి ఉన్నా పాడవుతుంది. గాలిలో తేమను పీల్చుకోవడం దీని గుణం, హోసుల రబ్బరు గుండా కూడా. మా బండికి పోసే డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 140కి దిగుతుంది. మేం తిరిగేది ఏడాదికి 3,500 మైళ్లు. మిగతా కాలమంతా బండి సముద్రపు గాలి తగిలే స్టోరేజ్ యార్డులో నిలబడి ఉంటుంది. మైళ్ల లెక్కన చూస్తే సర్వీసు ఎప్పటికీ రాదు. నేను చూసింది మైళ్లే.

డ్యాష్‌బోర్డులో బ్రేకు లైటు ఉంది కదా అంటారేమో. అది ఆయిల్ మట్టం తగ్గితే వెలుగుతుంది, ముసలిదైతే వెలగదు. ఈ సంగతి చెబితే నాన్న నవ్వారు: "మాది గాలి బ్రేకు. గాలి తగ్గితే గేజి చూపిస్తాది, బజరు మోగుతాది. మీ ఆయిలు బ్రేకు చివరిదాకా చెప్పదు." తిరుమలలో బస్సులు దిగే పాత ఘాట్ రోడ్డు 1944 నాటిది. దాని మీద అన్నేళ్లు బస్సు నడిపిన మనిషి పక్కన కూర్చుని ఉంటే, బటన్ చూసుకుంటుందని చెప్పానే. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

అప్పటినుంచి రెండేళ్లకోసారి మార్పు, మైళ్లతో పనిలేదు. 2024 మేలో ఇంట్లోనే చేశాం. ఒక్కో చక్రం దగ్గరా పాత ఆయిల్ బయటికి తీయడం, దూరపు చక్రం నుంచి మొదలు: వెనక కుడి, వెనక ఎడమ, ముందు కుడి, ముందు ఎడమ. మా ఆయన సీట్లో, నేను బండి కింద. "తొక్కు... పట్టుకో... వదలకు... ఇప్పుడు వదులు." రిజర్వాయర్ ఎండిపోకుండా పోస్తూ ఉండాలి, ఎండితే గాలి దూరి మళ్లీ మొదటికొస్తుంది. ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) పంపులోని పాత ఆయిల్ ఇలా రాదు, స్కానర్ ఉన్న షాపుకే వెళ్లాలి. ఫెండర్ మీద నాలుగు చుక్కలు ఒలికితే అరగంటలో పెయింట్ బుడగలు లేచింది, ఆ మచ్చ ఇంకా ఉంది. డాట్ 4 పోస్తే బెంగ తీరిపోతుందని ఒకాయన సలహా. మరిగే హద్దు కొంచెం పెరుగుతుంది కానీ అదీ తేమను పీల్చేదే. మూత మీద డాట్ 3 అని ఉంది, నేను అదే పోశాను. సిలికాన్‌తో చేసే డాట్ 5 మాత్రం వీటితో కలవదు, పేరు చూసి మోసపోవద్దు.

2023లో మంచు వల్ల ఆ రోడ్డు జూలై 22 దాకా తెరవలేదు, మేం వెళ్లలేదు. 2024లో అదే వాలు మళ్లీ దిగాం, నాన్న లేకుండా. పైనే రెండో గేరు వేసి, 30కి చేరగానే గట్టిగా ఒక్కసారి తొక్కి 25కి తెచ్చి పూర్తిగా వదలడం. ట్రక్కు లైసెన్సు పుస్తకంలో నేర్పేదీ ఈ పద్ధతే. కింద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ముందు డిస్కులు 110 డిగ్రీల సెల్సియస్, వెనకవి 90 చిల్లర. పెడల్ పైనే ఉంది. ఇది కొత్త ఆయిల్ మహిమా, పిన్నుల మహిమా, నా కాలు మారడమా అంటే విడదీసి చెప్పలేను. బరువు సంగతీ ఉంది: 2022లో ట్యాంకు నిండా నీళ్లు పోసుకుని ఆరుగురం ఎక్కాం. తర్వాత ట్రక్ స్టాపులో అదే బరువుతో తూయిస్తే 14,300 పౌండ్లు వచ్చింది, పరిమితి 14,500. ఇప్పుడు 40 గ్యాలన్ల ట్యాంకు క్యాంపుకి చేరాకే నింపుతున్నాం, అక్కడే 330 పౌండ్లు తగ్గింది.

కొనమంటానా అంటే, మీరెక్కడుంటారో, బండి ఎన్నాళ్లు నిలబెడతారో చెప్పాలి. చదును ప్రాంతంలో నెలనెలా తిప్పేవాళ్లకు నా గోల అతి అనిపించవచ్చు. నాలా ఆర్నెల్లు నిలబెట్టి, ఆపైన తిన్నగా కొండకి తీసుకెళ్లేవాళ్లకు ఈ బండి మీద నేను పూర్తి మార్కులు వేయను. సగానికి పైన వేస్తాను, పిల్లల బాల్యమంతా అందులోనే గడిచింది కనుక ఆ సగం కూడా పక్షపాతమే కావచ్చు.

ఇప్పుడు అమ్మకానికి పెట్టాం. పోయిన నెలలో రెండు జంటలు వచ్చి చూశారు. ఒకాయన పైకప్పు ఎక్కాడు, ఇంకొకాయన ఇంజిన్ ఆయిల్ డిప్‌స్టిక్ లాగి వాసన చూశాడు. బ్రేక్ రిజర్వాయర్ పక్కన నేను అంటించిన టేపు మీద "మే 2024" అని రాసి ఉంది. ఎవరూ అడగలేదు. రెండుసార్లూ నేనే పిలిచి చూపించాను.