ఐవార్ రివ్యూ: డెంగీ రోగి శాంపిల్‌లో మైనారిటీ వేరియంట్లను ఎంతవరకు పట్టిస్తుంది?

డెంగీ సోకిన మనిషి రక్తంలో తిరిగే వైరస్ కణాలన్నీ అచ్చు ఒకేలా ఉండవు. సుమారు 10,700 బేస్‌ల (జన్యు అక్షరాల) ఆర్‌ఎన్‌ఏని కాపీ చేసే వైరస్ ఎంజైమ్ ఎన్‌ఎస్5 పాలిమరేజ్‌కి తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేదు. అలా పుట్టిన మార్పుల్లో 3, 5 శాతం రీడ్స్‌లో (సీక్వెన్సర్ చదివిన చిన్న ముక్కల్లో) మాత్రమే కనిపించేవాటిని, అంటే మైనారిటీ వేరియంట్లను, ఇల్యుమినా సీక్వెన్సర్ డేటాలోంచి ఏరడానికి వాడే ఉచిత ప్రోగ్రాం ఐవార్. అమెరికాలోని స్క్రిప్స్ రీసెర్చ్‌లో తయారైంది. నేథన్ గ్రూబాగ్, కార్తీక్ గంగవరపు తదితరుల పేపర్ 2019లో వచ్చింది. కోండా అనే ప్యాకేజీ మేనేజర్‌తో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అవుతుంది, ఆపైన పనంతా టెర్మినల్‌లోనే.

దీంట్లో అన్నిటికన్నా గట్టి భాగం ప్రైమర్ ట్రిమ్మింగ్. టైల్డ్ ఆంప్లికాన్ పద్ధతిలో పీసీఆర్‌తో పెంచిన ముక్కలు (ఆంప్లికాన్లు) 400 బేస్‌ల చొప్పున, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కేలా, జీనోం పొడవునా వస్తాయి. ప్రతి ముక్క కొసన ఉండే ఇరవై చిల్లర బేస్‌లు రోగివి కావు, పీసీఆర్ మొదలవడానికి మనం ఆర్డరిచ్చి చేయించుకున్న ప్రైమర్‌వి. వాటిని కోయకపోతే అక్కడున్న అసలు మార్పు పలచబడి, ఐవార్ డిఫాల్ట్‌గా పెట్టుకున్న 3 శాతం గీత దాటకపోవచ్చు. ఐవార్ వీటిని సీక్వెన్స్ చూసి కాదు, బెడ్ ఫైల్‌లో (ప్రైమర్లు ఎక్కడున్నాయో చెప్పే పట్టికలో) ఇచ్చిన పొజిషన్‌ని బట్టి కోస్తుంది. అందుకే ముందు బీడబ్ల్యూఏ మెమ్ ప్రోగ్రాంతో రీడ్స్‌ని రిఫరెన్స్ (పోల్చడానికి వాడే తెలిసిన జీనోం) మీద అలైన్ చేయాలి, తర్వాతే ట్రిమ్. ట్రిమ్ అయ్యాక వచ్చే బ్యామ్ ఫైల్ (అలైన్ అయిన రీడ్స్ ఉండేది) పొజిషన్ల వరసలో సార్ట్ అయి ఉండదు, మళ్లీ సార్ట్ చేయాలి. పాత అలవాటు కొద్దీ డూప్లికేట్ రీడ్స్ తీసేశారో, పని చెడినట్టే: ఆంప్లికాన్ రీడ్స్ అన్నీ ఒకే చోట మొదలవుతాయి కాబట్టి డేటాలో చాలా భాగం ఊడ్చుకుపోతుంది.

తర్వాత ప్రతి చోటా ఉన్న బేస్‌లను పోగుచేసి ఐవార్‌కి అందించే శామ్‌టూల్స్ ఎంపైలప్ కమాండ్‌లో మైనస్ డీ 0 పెట్టడం మరవొద్దు, లేకపోతే డెప్త్‌కి (ఒక చోటు మీద పడే రీడ్స్ సంఖ్యకి) డిఫాల్ట్ పరిమితి పడుతుంది. మైనస్ ఏ, మైనస్ బీ (రెండూ పెద్దక్షరాలే) కూడా ఉండాలి. వేరియంట్ల కమాండ్‌లో క్వాలిటీ 20, ఫ్రీక్వెన్సీ 0.03 డిఫాల్ట్‌గానే వస్తాయి. కనీస డెప్త్ డిఫాల్ట్ మాత్రం 0, ఇదొక్కటీ మాకు నచ్చలేదు. పది రీడ్స్ ఉన్న చోట ఒక్క తప్పు రీడ్ 10 శాతం వేరియంట్‌గా పట్టికలోకి ఎక్కి కూర్చుంటుంది. చేత్తో 400 ఇవ్వండి. 400 రీడ్స్‌లో 3 శాతం అంటే 12 రీడ్స్, అంతకు తగ్గితే మాట్లాడుకోవడం అనవసరం.

అయితే డెప్త్ ఎంతున్నా మొదట ట్యూబులో పడ్డ వైరస్ కాపీలు తక్కువైతే లాభం లేదు. 50 కాపీల నుంచి మొదలుపెడితే 3 శాతం అంటే ఒకటిన్నర అణువు, మిగతాదంతా పీసీఆర్ ఊదిన గాలి. కనీసం 1,000 కాపీలు కావాలి. అంటే ఎన్‌ఎస్1 (వైరస్ ప్రొటీన్) పరీక్ష పాజిటివ్ వచ్చే తొలి రోజుల సీరం. ప్లేట్‌లెట్లు పడిపోయి అడ్మిట్ అయ్యేనాటికి చాలామందిలో వైరస్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అదే ఆర్‌ఎన్‌ఏని రెండు ట్యూబుల్లో, రివర్స్ ట్రాన్‌స్క్రిప్షన్ (ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చే దశ) దగ్గర్నుంచే విడివిడిగా నడిపి, ఫిల్టర్‌వేరియంట్స్ కమాండ్‌తో రెండింటిలోనూ కనిపించినవే ఉంచుకోవాలి. ఖర్చు రెట్టింపవుతుంది, కానీ ఇక్కడ పొదుపు చేస్తే మిగతా ఖర్చంతా దండగ.

డెంగీ వరకు వస్తే అసలు చిక్కు రిఫరెన్స్‌తో. డెంగీ వైరస్‌లోని నాలుగు సీరోటైపులకీ (ప్రధాన రకాలకీ) ఒకటే రిఫరెన్స్ కుదరదు, ఒకే సీరోటైపులోనూ జీనోటైపుల (ఉపరకాల) మధ్య తేడాలు బాగానే ఉంటాయి. ముందు రోగి సొంత కాన్సెన్సస్ (ప్రతి చోటా ఎక్కువ రీడ్స్‌లో ఉన్న బేస్‌తో కట్టిన సీక్వెన్స్) తీసి, రీడ్స్‌ని దాని మీదే మళ్లీ అలైన్ చేయాలి. అప్పుడు ప్రైమర్లను కూడా కొత్త కాన్సెన్సస్ మీద పెట్టి బెడ్ ఫైల్ మళ్లీ తయారు చేసుకోవాలి. ప్రైమర్ అతికే చోటే మార్పు ఉంటే ఆ ఆంప్లికాన్‌లోని శాతాలు నమ్మడానికి లేదు. ఆ రీడ్స్ తీసేయడానికి గెట్‌మాస్క్‌డ్, రిమూవ్‌రీడ్స్ అని రెండు కమాండ్లున్నాయి, వాడండి.

ఫలితాల పట్టిక చదివేటప్పుడు కొంచెం లెక్క చేసుకోవాలి. డెంగీ మొత్తం ఒకే పాలీప్రొటీన్ (తర్వాత విడి ప్రొటీన్లుగా తెగే పొడవాటి గొలుసు) కాబట్టి ఏ మార్పు ఏ ప్రొటీన్‌లోదో ఐవార్ విడదీసి చెప్పదు. డెంగీ-2లో ఎన్వలప్ ప్రొటీన్ 281వ అమైనో ఆమ్లం దగ్గర మొదలవుతుంది, అంటే పాలీప్రొటీన్ నంబర్లోంచి 280 తీసేయాలి. ఒకే కోడాన్‌లో (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు బేస్‌లలో) రెండు మార్పులుంటే వేటికవే విడిగా అనువదిస్తుంది, అలాంటి వరసలు కంటితో చూసుకోవాల్సిందే. స్టాప్ కోడాన్ (ప్రొటీన్‌ని మధ్యలోనే ఆపేసే గుర్తు) కనిపించగానే చెత్త అని కొట్టేయకండి. మయన్మార్‌లో 2001 నాటి డెంగీ-1 శాంపిళ్లలో ఎన్వలప్ జన్యువులో స్టాప్ కోడాన్ ఉన్న వైరస్ మనుషుల్లోనూ దోమల్లోనూ కొనసాగినట్టు 2006లో ప్రచురించారు.

నానోపోర్ (ఇంకో రకం సీక్వెన్సర్) రీడ్స్‌కి ఈ 3 శాతం గీత అలాగే వాడొద్దు. ఒకే బేస్ వరసగా వచ్చే చోట్ల నానోపోర్ లేని డిలీషన్లు (బేస్‌లు ఊడిపోయినట్టు) చూపిస్తుంది.