పన్నెండేళ్లు, ముగ్గురు గురువులు: పెద్దయ్యాక గాత్రం నేర్చుకున్న నా అనుభవం

2012లో, నాకు ముప్పై నాలుగేళ్లప్పుడు, హైదరాబాదులో మా వీధి చివరున్న సంగీతం క్లాసులో చేరాను. ఇప్పటికి ముగ్గురి దగ్గర కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. మధ్యలో గొంతు పాడై ఏడాదిన్నర ఆగిపోయాను కూడా. పిల్లల్ని చేర్పించాలనుకునేవాళ్లు, తామే చేరాలనుకునే నా వయసువాళ్లు ఫీజు ఎంత, ఎన్నాళ్లకి కీర్తన వస్తుంది అని అడుగుతుంటారు. నేను మాత్రం ఒక్కటే చెబుతాను. గంట క్లాసులో గురువుగారు మీ గొంతు ఎంతసేపు వింటారో తెలుసుకుని చేరండి. నాకు జరిగిన మంచీ చెడ్డా రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

మొదటి క్లాసులో మేం పద్నాలుగు మందిమి. ఎనిమిదేళ్ల పిల్లల నుంచి నా వరకు అందరం ఒకే చాప మీద. పాటకి ఆధారంగా మోగే శ్రుతిపెట్టె ఐదున్నరకి పెట్టి ఉండేది (అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది), ఎందుకంటే అది టీచరుగారి శ్రుతి, అంటే ఆవిడ గొంతుకి సరిపోయే ఎత్తు. ఆవిడ చాలా బాగా పాడేవారు. ఒక వరుస ఆవిడ పాడితే మేమంతా కలిసి తిరిగి పాడేవాళ్లం, మాతోపాటు ఆవిడా మళ్లీ పాడేవారు. అలా పాడుతుంటే చాలా హాయిగా ఉండేది. నాకు బాగా వచ్చేస్తోందనుకున్నాను. మూడేళ్లలో ఒక్కసారి కూడా నేను ఒక్కదాన్నే పాడలేదన్న సంగతి తర్వాతెప్పుడో తట్టింది.

ఆవిడ దగ్గర నిజంగా మంచివి కూడా ఉన్నాయి, అవి చెప్పకపోతే అన్యాయం. తాళం విషయంలో చాలా గట్టి మనిషి. సరళీ వరిసలు, అంటే మొదటి స్వర పాఠాలు, మూడు కాలాల్లో (మూడు వేగాల్లో) పాడించేటప్పుడు చేతి వేగం మారనిచ్చేవారు కాదు. పాట వేగం పెరగాలి, చెయ్యి మాత్రం అలాగే నడవాలి. పిళ్ళారి గీతాల్ని, అంటే మొదట నేర్పే చిన్న పాటల్ని, పుస్తకం చూడనివ్వకుండా చెవితోనే నేర్పారు, స్వరం రాసుకోవడం ఆ తర్వాతే. ఇప్పటికీ నా తాళం తప్పదు, ఆ పుణ్యం ఆవిడదే.

ఇబ్బంది పైస్వరాలు పాడించే హెచ్చుస్థాయి వరిసల దగ్గర మొదలైంది. అవి తారస్థాయి పంచమం, అంటే పైస్థాయిలోని 'ప' దాకా వెళ్తాయి. ఐదున్నర శ్రుతిలో ఆ పంచమం నాకు అందదు. గడ్డం పైకెత్తి, మెడ నరాలు బిగబట్టి అరిచేదాన్ని. క్లాసు అయ్యాక గొంతు బొంగురుపోయేది. అడిగితే "సాధన చాలదమ్మా, రోజూ తెల్లవారుజామున గంటసేపు పాడు, గొంతు విచ్చుకుంటుంది" అన్నారు. మిరియాల పాలు తాగమన్నారు. పాడాను, తాగాను. 2015 వేసవికి మాట్లాడుతుంటేనే మాట చీలిపోవడం మొదలైంది. ఫోన్లో అమ్మ నా గొంతు గుర్తుపట్టలేకపోయింది.

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగారు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి తెర మీద చూపించారు. స్వరపేటికలో రెండు తంత్రులు తెల్లగా, నిలువుగా కనిపించాయి. పాడినప్పుడు అవి ఒకదానికొకటి తగులుతూ కదులుతాయి. తారస్థాయి షడ్జంలో, అంటే పై 'స'లో, సెకనుకి నాలుగు వందలసార్ల దాకా తగులుతాయట. సరిగ్గా అవి గట్టిగా తగిలే చోట రెండువైపులా చిన్న బొడిపెలు, చేతికి కాయ కాసినట్టు. ఆపరేషన్ అక్కర్లేదన్నారు. పాట ఆపాలి, అరవకూడదు, గుసగుసగా కూడా మాట్లాడకూడదు, నీళ్లు బాగా తాగాలి, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. ఆ థెరపిస్టు నేర్పినదాన్ని ఈ రోజుకీ పాడే ముందు చేస్తాను. గ్లాసులో సగం నీళ్లు పోసి, అందులో స్ట్రా పెట్టి, బుడగలు వచ్చేలా ఊదుతూ సన్నగా "ఊ" అని కింది నుంచి పైకి, పై నుంచి కిందికి. అయిదు నిమిషాలు చేస్తే గొంతు పట్టేసినట్టు ఉండదు. ఇంత చిన్న విషయం మూడేళ్లలో ఎవరూ ఎందుకు చెప్పలేదో అని చాలా బాధపడ్డాను.

గొంతు కుదుటపడ్డాక, 2017లో, రెండో గురువుగారి దగ్గర ఆన్‌లైన్‌లో చేరాను. ఒక్కరికే క్లాసు, వారానికి రెండు సార్లు. మొదటిరోజు ఆవిడ నాచేత పాటే పాడించలేదు. మామూలుగా మాట్లాడించారు, నవ్వించారు, నా కింది షడ్జం ఎక్కడ హాయిగా నిలుస్తుందో, పైన ఎక్కడ మొహం మారుతుందో చూశారు. చివరికి నాలుగున్నర అని తేల్చారు. హార్మోనియం మీద చూస్తే ఐదున్నరకీ దానికీ రెండే మెట్ల తేడా. ఆ రెండు మెట్లకే నా గొంతు పాడైంది.

ఆన్‌లైన్‌లో ఇద్దరూ కలిసి పాడటం కుదరదు, ధ్వని వెనకబడి వస్తుంది కాబట్టి. నాకు అదే మేలు చేసింది. ఆవిడ పాడి ఆగేవారు, తర్వాత నేను ఒంటరిగా పాడాలి, ఆవిడ వినాలి. మొదట్లో నాకు చచ్చేంత టెన్షన్. వెనకాల ఎవరి గొంతూ లేకపోతే నా రిషభం ('రి') ఎంత తేలిపోతుందో అప్పుడు తెలిసింది. మాయామాళవగౌళ రాగంలో అది శుద్ధ రిషభం, షడ్జానికి ఆనుకునే ఉంటుంది. నేను దాన్ని ఎప్పుడూ పైకి పాడేదాన్ని. ఒకరోజు ఆవిడ, "రిషభం దగ్గరికి రాగానే మీ కనుబొమలు లేస్తున్నాయి. నుదురు మీద చెయ్యి పెట్టుకుని పాడండి" అన్నారు. పెట్టుకుని పాడాను. స్వరం చప్పున కిందికి వచ్చి తంబురాలో కలిసిపోయింది. అపస్వరం అని పద్నాలుగుసార్లు తిట్టినా ఆ పని జరిగేది కాదు. తప్పు ఎక్కడుందో చెప్పడం వేరు, ఆ తప్పు ఒంట్లో ఎక్కడి నుంచి వస్తోందో చూపించడం వేరు. రెండోది చేయాలంటే శిష్యురాలి మొహం వంక చూస్తూ వినాలి.

ఆన్‌లైన్‌లో చేరేవాళ్లకి ఒక మాట. జూమ్ మామూలు సెట్టింగులో తంబురాను వెనకాల గోలగా లెక్కేసి కోసేస్తుంది, మీరు నిలిపిన దీర్ఘస్వరాన్ని కూడా మధ్యలో మింగేస్తుంది. "ఒరిజినల్ సౌండ్" ఆన్ చేసుకోవాలి. చాలామంది గురువులకే ఈ సంగతి తెలియదు. ఇంకోటి, ఆవిడ పాఠం రికార్డు చేసి పంపేవారు కానీ దానితోపాటు పాడొద్దనేవారు. వినండి, ఆపండి, శ్రుతి మాత్రం పెట్టుకుని పాడండి, మీది రికార్డు చేసి నాకు పంపండి. రికార్డుతో కలిసి పాడితే మళ్లీ ఆ పాత క్లాసులాగే అవుతుంది.

మొదటి క్లాసులోని ఒక పిల్లాడి సంగతి చెప్పకుండా ఉండలేను. మా అందరికంటే బాగా పాడేవాడు. పదమూడో ఏట గొంతు పగిలింది. మగపిల్లలకి ఆ వయసులో గొంతు దాదాపు ఒక స్థాయి (ఒక 'స' నుంచి తర్వాతి 'స' దాకా ఉన్నంత) కిందికి దిగుతుంది, కొన్ని నెలలు ఎటు పోతుందో వాడికే తెలియదు. శ్రుతి దించి, పైస్థాయి జోలికి పోకుండా, రోజుకి పది నిమిషాలు పాడిస్తే ఆ కాలం గడిచిపోతుంది. కానీ అదే ఐదున్నరలో అందరి ముందూ పాడించారు. గొంతు జారింది, పిల్లలు నవ్వారు, "వీడి గొంతు పోయింది" అన్నారు. మళ్లీ వారం వాడు రాలేదు. మూడేళ్లు నేర్చుకున్న పిల్లాడు అలా మానేశాడు, ఆపేవాళ్లు లేరు. నేనూ ఆ రోజు నోరు మెదపలేదు, అది ఇంకా నొప్పిగానే ఉంది.

ఇప్పటి గురువుగారి దగ్గర 2021 నుంచి ఉన్నాను, నేరుగా ఇంటికి వెళ్లి. ఆవిడ సాహిత్యం మీద బాగా నిలబెడతారు. త్యాగరాజ కీర్తన ఏదైనా ముందు మామూలు మాటల్లా చదివించి, పదం ఎక్కడ విడుస్తున్నామో చూసి, ఆ తర్వాతే రాగంలో పెడతారు. తెలుగు మన భాషే కదా అని తెలుగువాళ్లమే దీన్ని ఎక్కువ నిర్లక్ష్యం చేస్తాం. ఊపిరి కోసం మాట మధ్యలో విరిచేస్తే అర్థం తారుమారైపోతుంది. లోటు ఏమిటంటే, కీర్తనలు పెరుగుతున్నాయి గానీ సొంతంగా పాడటం రావడం లేదు. కల్పనస్వరం, అంటే అప్పటికప్పుడు సొంతంగా స్వరాలు అల్లి పాడటం, ఎప్పుడు నేర్పుతారని మూడేళ్లుగా అడుగుతున్నాను. ముందు పాఠాంతరం, అంటే గురువు దగ్గర నేర్చుకున్న పాట, గట్టిపడాలంటారు. ఆ మాటలో నిజముంది, కానీ అన్నేళ్లు ఆపాల్సిన అవసరం లేదని నా నమ్మకం. పది వర్ణాలు (కీర్తనల కంటే ముందు నేర్పే రచనలు) వచ్చినవాళ్లకి నాలుగు స్వరాలు సొంతంగా అల్లే ధైర్యం ఇవ్వొచ్చు.

ఫీజుల సంగతికి వస్తే, గుంపు క్లాసు అప్పట్లో నెలకి ఎనిమిది వందలు, ఒక్కరికి చెప్పే క్లాసు ఒక్కోటి నాలుగు వందలు. గొంతు వైద్యానికి పెట్టిన ఖర్చుతో పోలిస్తే రెండోదే నాకు చవక.

చేరేముందు ఒక క్లాసులో వెనక కూర్చుని చూడనివ్వమని అడగండి. మంచి గురువులు కాదనరు. శ్రుతి ఎవరికోసం పెట్టారు, పిల్లలు ఒక్కొక్కరుగా పాడుతున్నారా, తప్పొచ్చినప్పుడు మిగతావాళ్లు నవ్వుతుంటే ఏం చేస్తున్నారు, ఈ మూడూ చూడండి. గొంతు నొప్పిగా ఉందంటే ఇంకా పాడమనే చోట ఒక్క రోజు కూడా ఉండకండి.

పోయిన గురువారం ఇప్పటి గురువుగారిని కల్పనస్వరం గురించి మళ్లీ అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి తంబురా పెట్టి, మోహన రాగంలో స రి గ, ఈ మూడు స్వరాలే, ఒక్క ఆవర్తనం (తాళం ఒక చుట్టు), ఏది తోస్తే అది పాడమన్నారు. నాలుగుసార్లు గాంధారం దగ్గరే ఆగిపోయాను. ఆవిడ ఏమీ అందించలేదు, తాళం వేస్తూ కూర్చున్నారు.