నాలుగు రకాల డీప్ సైకిల్ బ్యాటరీలు: వాడి చూశాక

క్యాంపర్ వ్యాను కోసం నేను కొన్న మొదటి బ్యాటరీ మీద ‘డీప్ సైకిల్’ అని పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. సీటు కింద అమర్చుకుని బయలుదేరిన తొలి ప్రయాణంలో రెండు రాత్రులు నిక్షేపంగా గడిచాయి. ఆరు నెలలు తిరిగేసరికి, సాయంత్రం నిండుగా ఛార్జి చేసిన బ్యాటరీ తెల్లవారకముందే చేతులెత్తేయడం మొదలుపెట్టింది. ఫ్రిజ్ కంప్రెసర్ తిరగబోయి టక్కుమని ఆగిపోవడం, కాసేపటికి మళ్లీ ప్రయత్నించి మళ్లీ ఆగిపోవడం చీకట్లో పడుకుని వింటూ ఉండేవాణ్ణి. ఒక రాత్రి టార్చి వేసి లేబులు తీరిగ్గా చదివితే, ఇంజను స్టార్టు చేసే శక్తిని తెలిపే సీసీఏ అంకె కొట్టొచ్చినట్టు కనిపించింది గానీ, ఎంత లోతుకు వాడితే ఎన్ని సైకిళ్లు (ఒకసారి ఖాళీ చేసి మళ్లీ నింపడం ఒక సైకిల్) వస్తుందన్న మాట ఎక్కడా లేదు. పేరు మార్చుకున్న స్టార్టర్ బ్యాటరీని కొన్నానని అప్పుడు అర్థమైంది. ఆ తరువాత వ్యానులోనూ ఒక చిన్న పడవలోనూ నాలుగు రకాల బ్యాటరీలు వాడాను: నీళ్లు పోసే పాతరకం లెడ్, ఏజీఎం, జెల్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఈ సమీక్ష వాటి గురించే.

స్టార్టర్ బ్యాటరీలో పలుచని ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. కొన్ని క్షణాలపాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే, ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి ఛార్జి తీసుకోవడమే దాని పని. డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేట్లు మందంగా, వాటి మీది పదార్థం దట్టంగా ఉంటుంది కనుక గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చినా తట్టుకుంటుంది. ఒకే సైజు, ఒకే ఆంపియర్-అవర్ (నిల్వ సామర్థ్యం) రాసి ఉన్న రెండు లెడ్ బ్యాటరీలు కనిపిస్తే నేను రెండింటినీ చేత్తో ఎత్తి చూసి బరువైనదాన్నే తీసుకుంటాను, ఎందుకంటే ఆ అదనపు బరువు చాలావరకు సీసమే.

లేబులు మీది 100 ఆంపియర్-అవర్ అన్న అంకెను సాధారణంగా 20 గంటల లెక్కన ఇస్తారు, అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు వాడితేనే అంత వస్తుంది. ఎక్కువ కరెంటు లాగేకొద్దీ లెడ్ బ్యాటరీ ఇచ్చే మొత్తం తగ్గిపోతుందని 1897లోనే జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కర్ట్ సూత్రీకరించాడు. 1000 వాట్ల కెటిల్‌ను ఇన్వర్టర్ మీద పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90 ఆంపియర్లకు పైగా లాగుతుంది. నీళ్లు మరగకముందే ఇన్వర్టర్ లో-వోల్టేజ్ అలారం కూయడం నేను విన్నాను, బ్యాటరీ మాత్రం అప్పటికి సగం కూడా ఖాళీ కాలేదు.

కొనే ముందు రోజు వాడకం కాగితం మీద వేసుకోవాలి. మా వ్యానులో కంప్రెసర్ ఫ్రిజ్ తిరుగుతున్నప్పుడు 4.5 ఆంపియర్లు తీసుకుంటుంది, రోజుకు మొత్తం ఎనిమిది గంటలు తిరుగుతుంది కాబట్టి దానికే 36 అవుతుంది. రాత్రంతా ఫ్యానుకు 8, ఎల్ఈడీ దీపాలకు 6, ల్యాప్‌టాప్‌కూ ఫోన్లకూ 10, నీళ్ల పంపుకు 1 కలిపితే 61 ఆంపియర్-అవర్లు తేలింది. ఎండ లేకుండా రెండు రోజులు గడపాలంటే 122 కావాలి. లెడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే ఆయుష్షు త్వరగా తరిగిపోతుంది గనుక దాదాపు 245 ఆంపియర్-అవర్ల బ్యాంకు పెట్టాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ను 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు కనుక దాదాపు 153తో సరిపోతుంది.

డిస్టిల్డ్ వాటర్ పోసే పాతరకం బ్యాటరీ అన్నిటికన్నా చవక, కాస్త ఎక్కువ ఛార్జి ఎక్కినా ఓర్చుకుంటుంది, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్ ముంచితే ఏ సెల్లు ఎలా ఉందో దాచకుండా చెబుతుంది. అయితే ఛార్జి ఎక్కేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు పడుకునే చోట, గాలి బయటికి పోయే మార్గం లేని పెట్టెలో దాన్ని పెట్టడం ప్రమాదకరం. పడవలో నేను దీన్ని పూర్తిగా మానుకున్నాను. పడవ ఒరిగినప్పుడు యాసిడ్ చిందడం ఒక ఇబ్బంది, ఉప్పునీరు యాసిడ్‌లో కలిస్తే క్లోరిన్ వాయువు పుట్టే అవకాశం ఉండడం అంతకన్నా పెద్దది.

ఏజీఎం కూడా లెడ్ బ్యాటరీయే, కానీ ఇందులో యాసిడ్‌ను గాజు నూలు చాపలు పీల్చుకుని ఉంటాయి కాబట్టి ఒలకదు, కుదుపులకు లొంగదు, నీళ్లు పోసే పని లేదు. జెల్ రకం నిదానమైన వాడకానికి మంచిదే గానీ, దానికి తక్కువ ఛార్జింగ్ వోల్టేజి కావాలి. ఏజీఎం కోసం 14.7 వోల్టుల దగ్గర పెట్టిన ఛార్జర్‌ను సర్దకుండానే దానికి తగిలిస్తే లోపల బుడగలు ఏర్పడి పాడవుతుంది, అందుకే నేను దాని జోలికి మళ్లీ పోలేదు.

నా ఏజీఎం జంట మూడో ఏటికే నీరసించడానికి కారణం వాడకం కాదు, ఛార్జింగ్. లెడ్ బ్యాటరీ చివరి 20 శాతాన్ని చాలా నెమ్మదిగా, గంటల తరబడి తీసుకుంటుంది. ఇంజను రెండు గంటలు నడిపి ఆపేసినా, పొద్దు గూకేలోపు సోలార్ ప్యానెల్ ఆ పని ముగించలేకపోయినా, ఆ మిగిలిన భాగం నిండదు. అలా రోజుల తరబడి అరకొరగా ఉంచితే ప్లేట్లకు సల్ఫేట్ గట్టిగా పట్టి, కరగకుండా ఉండిపోతుంది. క్యాంపు స్థలాల్లో ప్రతి రాత్రీ మెయిన్స్ కరెంటు దొరికేవారికి ఏజీఎం ఇప్పటికీ చక్కని ఎంపిక అంటాను. ఊరికి దూరంగా, ప్యానెల్ మీదే ఆధారపడేవారికి మాత్రం సిఫారసు చేయను.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ఆ పరిస్థితికి తగినది. సగం ఛార్జితో వారాల తరబడి ఉన్నా దానికి నష్టం లేదు, ఇచ్చిన కరెంటును దాదాపు చివరిదాకా అదే వేగంతో తీసుకుంటుంది, వేల సైకిళ్లు వస్తుంది. 100 ఆంపియర్-అవర్ల ఏజీఎం 30 కిలోల దాకా తూగితే, ఇది 12 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇబ్బందులూ ఉన్నాయి. వోల్టేజి చాలాసేపు 13.0, 13.3 వోల్టుల మధ్యే నిలిచిపోతుంది కాబట్టి పాత వోల్టు మీటరు ఎందుకూ కొరగాదు, వచ్చే, పోయే కరెంటును షంటు అనే కొలత పరికరంతో లెక్కపెట్టే మానిటర్ పెట్టుకోవలసిందే. అడిగినంత కరెంటు మింగేస్తుంది గనుక నేరుగా ఆల్టర్నేటర్‌కు కలిపితే ఆల్టర్నేటర్ కాగిపోతుంది. మధ్యలో కరెంటును అదుపులో ఉంచే డీసీ-డీసీ ఛార్జర్ ఉండాలి. సున్నా డిగ్రీల కన్నా చల్లబడినప్పుడు ఛార్జి చేస్తే సెల్లులు శాశ్వతంగా దెబ్బతింటాయి. అద్దాల మీద మంచు గడ్డకట్టిన ఒక ఉదయం ప్యానెల్ మీద ఎండ పడుతున్నా మానిటర్ సున్నా చూపిస్తుంటే వైర్లన్నీ ఊడదీసి చూశాను, తీరా లోపలి బీఎంఎస్ (సెల్లులను కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) చలికి ఛార్జింగ్ ఆపి తన పని తాను చేస్తోంది. హీటరు వేసి సీటు కింద వెచ్చబడ్డాక ఛార్జి దానంతటదే మొదలైంది. అందుకే ఈ రకం కొనేవారు, చలికి ఛార్జింగ్ ఆపే ఏర్పాటు బీఎంఎస్‌లో ఉందో లేదో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. చవక బ్యాటరీల్లో తరచుగా కోత పడేది అక్కడే.

పడవలో మాత్రం రెండు రకాలూ ఉంచుకున్నాను. ఇంజను స్టార్టింగుకు ఒక చిన్న ఏజీఎం, దీపాలకూ ఫ్రిజ్‌కూ లిథియం. రెండింటినీ నేరుగా కలపలేదు, దేని పాజిటివ్ టెర్మినల్ దగ్గర దాని ఫ్యూజు ఉంది. బిల్జ్ పంపును ఏజీఎం వైపే కలిపాను, ఎందుకంటే బీఎంఎస్ ఏ కారణంతోనైనా చెప్పాపెట్టకుండా కరెంటు ఆపేసిన రాత్రి కూడా పడవలో చేరే నీటిని తోడుతూనే ఉండాలి.