రెండున్నరేళ్ళ వాడకం తరువాత: పెల్విక్ ఫ్లోర్ సెన్సార్ పరికరంపై నా సమీక్ష

నా రెండో కాన్పు ఫోర్సెప్స్ వేసి చేసినది. ఆ తరువాత పదకొండేళ్ళపాటు తుమ్మినా, దగ్గినా, మెట్లు గబగబా దిగినా రెండు చుక్కలు మూత్రం పడటాన్ని ఆడపుట్టుకలో భాగమనే సరిపెట్టుకున్నాను. "కాన్పులయ్యాక అందరికీ ఉండేదేనే, చీర మార్చుకుంటే సరి" అని మా అమ్మ తేల్చేసింది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరును. ఉదయం ప్రార్థన జరుగుతుండగా తుమ్ము వస్తుందేమోనని కాలు మీద కాలు పెనవేసి నిలబడటం, సెలవు రోజున కూడా బ్యాగులో ఒక ప్యాడ్ పెట్టుకోవడం నాకు ఊపిరి తీసుకోవడమంత అలవాటైపోయాయి. 2023 వేసవి సెలవుల్లో విజయవాడలో ఒక గైనకాలజిస్టు పరీక్షించి, ఆపరేషన్ దాకా పోనవసరం లేదని, ముందు పెల్విక్ ఫ్లోర్ కండరాలకు కనీసం మూడు నెలలు పద్ధతిగా వ్యాయామం చేయాలని చెప్పి ఫిజియోథెరపిస్టు దగ్గరకు పంపారు. తుంటి ఎముకల గూటికి అడుగున ఉండి, మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ పెద్దపేగు చివరి భాగాన్నీ ఉట్టిలా మోసే కండరాలివి.

ఫిజియోథెరపిస్టుకు రెండు వారాల తరువాత గాని సమయం దొరకలేదు. ఈలోగా ఇంగ్లండులో ఉండే మా చెల్లెలు సెలవులకు వస్తూ, "అక్కా, అక్కడ నా స్నేహితురాళ్ళలో ఇద్దరు ఇది వాడుతున్నారు" అంటూ ఒక పరికరాన్ని తెచ్చిపెట్టింది. మన డబ్బుల్లో 14 వేల చిల్లర పడిందట. దాని పేరు రాయను; నేను చెప్పబోయే లోపాలు కొన్ని ఈ తరగతి పరికరాలు చాలావాటికి వర్తిస్తాయి, కొన్ని నా చేతికి వచ్చిన ఒక్క వస్తువుకే పరిమితం కావచ్చు.

చూడటానికి అది బొటనవేలికన్నా కాస్త లావుగా, మెత్తని సిలికాన్ తొడుగుతో, చివర సన్నని తోకతో ఉంటుంది. యోనిలో అమర్చుకున్నాక తోక బయటే ఉండాలి. బ్లూటూత్ తరంగాలను ఒంట్లోని నీరు పీల్చేసుకుంటుంది కనుక యాంటెన్నాను ఆ తోకలో పెట్టారని తరువాత తెలిసింది. కండరం బిగిసినప్పుడు లోపలి సెన్సార్ మీద పడే ఒత్తిడి ఫోన్ తెర మీద, బీపీ అంకెల్లాగే, పాదరసపు మిల్లీమీటర్లలో కనిపిస్తుంది, దానితోపాటు ఒక పక్షి బొమ్మ పైకి ఎగురుతుంది. వదిలేస్తే పక్షి కిందికి దిగుతుంది. అన్ని పరికరాలూ ఇలా ఒత్తిడినే కొలవవు. క్లినిక్కుల్లో ఎక్కువగా కనిపించే ఈఎంజీ యంత్రాలు కండరంలోని విద్యుత్ సంకేతాన్ని మైక్రోవోల్టుల్లో చూపిస్తాయి. అమెరికాలో డాక్టరు చీటీ మీద ఇచ్చే లీవా అనే పరికరం యోని గోడలు ఎంత కదిలాయో, ఎటు కదిలాయో యాక్సెలెరోమీటర్లతో, అంటే కదలికను కొలిచే సెన్సార్లతో, పట్టుకుంటుంది. ఏది దేనిని కొలుస్తుందన్న ఈ తేడా చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, నా కథంతా ఆ తేడా దగ్గరే మలుపు తిరిగింది.

మొదటి పన్నెండు రోజులు నేను తరగతిలో మొదటి ర్యాంకు విద్యార్థినిని. మొదటి రోజు 30 చూపించిన అంకె వారం తిరిగేసరికి 42కు చేరింది, పక్షి తెర పై అంచును తాకింది, యాప్ నాకు రెండు పతకాలు ప్రదానం చేసింది. చుక్కలు పడటం మాత్రం తగ్గలేదు సరికదా, సాయంత్రానికి కడుపు కింద ఏదో బరువు వేలాడుతున్నట్టు అనిపించేది. ఆ పతకాలతోనే ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్ళాను. ఆమె నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. గ్లౌజు వేసుకుని వేలితో పరీక్షిస్తూ, "ఇంట్లో ఎలా చేస్తున్నారో అలాగే చేయండి మేడమ్" అంది. చేశాను. ఆమె ఒక క్షణం ఆగి, "మీరు పైకి లాగడం లేదు, కిందికి ముక్కుతున్నారు. పొట్ట బిగించి, ఊపిరి పట్టి తోస్తున్నారు" అని చెప్పింది. ఒత్తిడి కొలిచే సెన్సార్‌కు కండరం పైకి బిగిసినా ఒకటే, పొట్ట నుంచి కిందికి తోపు వచ్చినా ఒకటే. రెండింటికీ అంకె పెరుగుతుంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పరిమాణం వేరు, దిశ వేరు అని బోర్డు మీద బాణం గుర్తులు గీసి చెప్పిన మనిషిని, దిశ లేని అంకెను చూసి మురిసిపోయాను.

"బావిలో చేద నిండింది అనుకోండి మేడమ్. నీళ్ళు తొణక్కుండా మెల్లగా పైకి చేదాలి, ఊపిరి మాత్రం మామూలుగా ఆడుతూ ఉండాలి" అని ఆమె చెప్పిన మాట నా ఒంటికి అర్థమైంది. మలద్వారం దగ్గర గాలి ఆపినట్టు మొదలుపెట్టి, ఆ బిగువును ముందుకు, పైకి తీసుకురావాలి. పిరుదులు, తొడలు కదలకూడదు, నాభి కింద పెట్టిన అరచేతికి పొట్ట ఉబుకుతున్నట్టు తగలకూడదు. ఆరేడు ప్రయత్నాలకు, "ఆ, అదీ. ఇప్పుడు పట్టుకుంది" అని ఆమె అన్నప్పుడు నా బలాన్ని, కండరం పట్టును వేలితో అంచనా వేసే ఆక్స్‌ఫర్డ్ కొలబద్దపై 5కు 2గా రాసుకుంది. ఇంటికి వచ్చి అదే విధంగా చేస్తే పరికరం 11 చూపించింది, పక్షి నేల మీద దొర్లింది. తప్పుగా చేసినప్పటి 42కన్నా సరిగ్గా చేసిన 11 మెరుగన్న సంగతి ఆ పరికరానికి ఎన్నటికీ తెలియదు. ఈ సమీక్షలో ఒక్క వాక్యమే గుర్తుంచుకోదలచినవారు దీనినే గుర్తుంచుకోండి. రెండు సెన్సార్లు పెట్టి పొట్ట తోపును విడిగా గుర్తించేవి, కదలిక దిశను పట్టుకునేవి కూడా అంగట్లో ఉన్నాయి. మళ్ళీ కొనవలసి వస్తే నేను వాటివైపే చూస్తాను. అయినా తొలిసారి పరీక్ష మాత్రం శిక్షణ పొందిన వేలితోనే జరగాలి.

బిగింపును అంకెగా చూస్తూ సాధన చేయడమన్న ఊహ కొత్తదేమీ కాదు. ఈ వ్యాయామాలు ఎవరి పేరుతో చలామణీ అవుతున్నాయో ఆ ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు 1948 నాటికే గాలి నింపిన గొట్టానికి ఒత్తిడి మీటరు తగిలించి, ముల్లు కదలికను చూస్తూ స్త్రీలచేత సాధన చేయించాడు. ఆ ముల్లు స్థానంలో ఇప్పుడు పక్షి వచ్చింది, అంతే. మన యోగాభ్యాసంలోని మూలబంధం కూడా ఈ బిగింపుకు దగ్గరి చుట్టమే. జూన్ 21న మా బడిలో యోగా మాస్టారు "మూలబంధం పట్టండి" అన్నప్పుడల్లా స్టాఫంతా కలిసి పిరుదులు బిగించేవాళ్ళమని ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది.

అసలైన సాధన ఆ తరువాతే మొదలైంది. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకుని ఎనిమిదిసార్లు బిగించడం, ఒక్కోసారి లెక్కపెట్టి పట్టుకుని అంతే సేపు పూర్తిగా వదలడం, ఆపైన చకచకా పది బిగింపులు. ఇలా రోజుకు మూడు విడతలు. వాటిలో రాత్రి విడత మాత్రమే పరికరంతో, మిగతా రెండూ ఊరికే. మొదట్లో మూడు అంకెలు లెక్కపెట్టేలోపే పట్టు జారిపోయేది. జారుతున్న సంగతి నాకు తెలిసేది కాదు. బిగించే ఉన్నాననుకునేదాన్ని, తెర మీద గీత అప్పటికే వాలు పట్టి ఉండేది. ఈ పరికరం నాకు చేసిన నిజమైన మేలు ఇక్కడే ఉంది. నాలుగో సెకనులో గీత వాలడం చూసి, ఆ క్షణంలో లోపల ఎలా అనిపిస్తుందో గుర్తుపట్టి, మరుసటి రోజు పగలు పరికరం లేకుండానే ఆ జారుడును పట్టుకోగలిగాను. పదో వారానికి 10 సెకన్లు నిలిచింది, అంకె 19. తుమ్ము రాబోతుండగా అరక్షణం ముందే బిగించే కిటుకు ఆ రోజుల్లోనే పట్టుబడింది. కార్తీక మాసంలో స్టాఫంతా వనభోజనాలకు వెళ్ళినప్పుడు, పోపు ఘాటుకు ఏడుసార్లు వరుసగా తుమ్మి కూడా పొడిగా ఉన్నాను. చీరకు అంటిన పసుపు తప్ప ఆ రోజు వేరే మరక లేదు.

ఐదో నెలలో దారి తప్పాను. రోజూ ఆడితే యాప్‌లో ఒక దీపం వెలుగుతుంది, ఒక్క రోజు మానితే వరుస తెగిపోతుంది. 60 రోజుల వరుస తెగకూడదన్న పంతంతో, అంకె 30 దాటాలన్న ఆశతో రాత్రిపూట రెండు, ఒక్కోరోజు మూడు విడతలు ఆడాను. కొద్ది రోజులకు మూత్రానికి కూర్చుంటే వెంటనే రావడం మానేసింది, సంసార సుఖం నొప్పిగా మారింది, కూర్చున్నంతసేపూ తోక ఎముక దగ్గర లాగినట్టుండేది. ఫిజియోథెరపిస్టు పరీక్షించి, బిగించడం నేర్చుకున్న కండరం వదలడం మరిచిపోయిందని, మూడు వారాలు పరికరాన్ని ముట్టవద్దని చెప్పింది. ఆ మూడు వారాలూ పొట్ట నిండా ఊపిరి పీల్చి కింది కండరాన్ని జారవిడవడమే వ్యాయామం. తీరా గమనిస్తే, బిగించినందుకు యాప్ ఇచ్చే పాయింట్లు డజను రకాలుగా ఉన్నాయి గాని, పూర్తిగా వదిలినందుకు ఒక్కటీ లేదు. మొదలుపెట్టే ముందు విశ్రాంతి స్థితిలో అంకె ఎంత ఉందో అది చూపిస్తూనే ఉంది. నెల రోజుల్లో అది మెల్లగా పైకి పాకింది. కాని ఆ అంకెను మూలన చిన్న అక్షరాల్లో పెట్టారు, నా కన్నేమో పక్షి మీద ఉంది. అసలే కండరాలు బిగుసుకుపోయి నొప్పితో బాధపడేవారు ఇటువంటి పరికరం కొనుక్కుని కెగెల్ మొదలుపెడితే బాధ ముదురుతుందని ఆమె నాకు గట్టిగా చెప్పింది.

యాప్ గురించి ఇంకో ముచ్చట. మా బడిలో పెద్ద తాకుతెర ప్యానెల్ ఉంది. నా ఫోన్‌ను దానికి కలిపి తొమ్మిదో తరగతికి త్రిభుజాలు చెబుతుండగా, "మీ పెల్విక్ ఫ్లోర్‌కు వ్యాయామ సమయం" అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు సందేశం అడుగు పొడుగు అక్షరాల్లో ప్రత్యక్షమైంది. ముందు బెంచీలోని పిల్ల, "మేడమ్, పెల్విక్ అంటే ఏంటండీ?" అని అడిగింది. తుంటి ఎముకల గూడు అని చెప్పి, మిగతాది జీవశాస్త్రం టీచరును అడగమన్నాను. ఆ సాయంత్రమే నోటిఫికేషన్లు ఆపేశాను. అంతకన్నా ముఖ్యమైనది, ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన తేదీ, కాన్పులెన్ని, అవి ఎలా జరిగాయి, చుక్కలు ఎప్పుడు పడతాయి అన్నవన్నీ అడిగారు. వ్యాయామానికి వాటి అవసరం నాకు కనిపించలేదు. వేరే ఈమెయిల్ పెట్టి, తప్పనిసరి గళ్ళు మాత్రమే నింపాను.

వస్తువుగా చూస్తే, సిలికాన్ రెండున్నరేళ్ళకు కూడా చీలలేదు, రంగు మారలేదు. గోరువెచ్చని నీళ్ళు, ఘాటు లేని సబ్బు చాలు. అమర్చుకునేటప్పుడు నీటి ఆధారిత జెల్లీయే వాడాలి, సిలికాన్ జెల్లీ వాడితే తొడుగు పాడవుతుంది. ఛార్జింగ్ రంధ్రం మూత మాత్రం 14వ నెలలో వదులై, బ్యాటరీ ఎక్కడం మానేసింది. వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందని కంపెనీ వాళ్ళు రాశారు. మా చెల్లెలు తీసుకువెళ్ళి మార్పించి తెచ్చేసరికి ఏడు వారాలు పట్టింది. వ్యాయామం ఆగలేదు, బలం తగ్గనూ లేదు. పరికరం లేకున్నా ఒళ్ళు నేర్చుకున్నది పోదని అప్పుడే తెలిసింది. ఇంకొక చిక్కు, యాప్ లేకపోతే ఇది ఉత్త సిలికాన్ ముద్ద. ఈ రంగంలో బాగా పేరున్న బ్రిటిష్ సంస్థ ఎల్వీ 2025లో ఆర్థికంగా కుదేలై, అమెరికాకు చెందిన విల్లో అనే సంస్థ చేతికి వెళ్ళింది. కంపెనీ చేతులు మారినప్పుడు మన ఫోన్‌లోని యాప్ ఎన్నాళ్ళు నడుస్తుందన్న ప్రశ్న కొనే ముందే వేసుకోవాలి.

డబ్బుకు తగ్గ విలువ ఉందా అంటే సూటిగానే చెబుతాను. బ్రిటన్‌లో 600 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఫిజియోథెరపీ మాత్రమే, రెండో జట్టుకు దానితోపాటు ఈఎంజీ బయోఫీడ్‌బ్యాక్, అంటే కండరం పనితీరును తెర మీద చూస్తూ చేసే సాధన ఇచ్చి, రెండేళ్ళ తరువాత పోల్చిన అధ్యయనాన్ని 2020లో బీఎంజే అనే వైద్య పత్రిక ప్రచురించింది. ఇరుపక్షాల ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు, రెండు జట్లకూ మేలు మాత్రం జరిగింది. నా అనుభవం దానికి విరుద్ధంగా ఏమీ లేదు. నేను పన్నెండు రోజులు తప్పు చేసింది పరికరంతోనే, దిద్దుకున్నది మనిషి చేత. ఎనిమిది విడతల ఫిజియోథెరపీకి నాకు 6,400 రూపాయలైంది, అంటే పరికరం ధరలో సగం కూడా కాదు. రెండింటిలో ఒకటే కొనగలిగిన వారు ఫిజియోథెరపీకే పెట్టండి. ఆ శిక్షణ పూర్తయ్యాక, లోపల బిగుస్తోందో లేదో ఇంకా పోల్చుకోలేక తికమకపడేవారికీ, క్లినిక్ దూరమై నెలకొకసారి కూడా వెళ్ళలేనివారికీ పరికరం పనికివస్తుంది. గర్భిణులు, కాన్పై ఆరు వారాలు నిండని బాలింతలు, ఇన్‌ఫెక్షన్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. మూత్రంలో రక్తం, మంట ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

చుక్కల బెడదను అంచనా వేసే ఐసీఐక్యూ ప్రశ్నపత్రంలో మొదట 21కి 12 వచ్చిన నాకు ఇప్పుడు 4 వస్తోంది. తాడాట ఆడితే ఇప్పటికీ పడతాయి; నా వయసుకు తాడాట అవసరం లేదని ఊరుకున్నాను. ఇప్పుడు పరికరాన్ని నెలకొక ఆదివారం మాత్రమే బయటికి తీస్తాను. పక్షి ఆట జోలికి పోకుండా విశ్రాంతి అంకె, బిగింపు అంకె, నిలిచిన సెకన్లు అనే మూడింటిని లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను. పోయిన నెల 6, 27, 10. మా స్టాఫులో ఒకావిడ సంగతి తెలిసి, "వారం రోజులకు ఇస్తారా అక్కా, చూసి ఇచ్చేస్తాను" అని అడిగారు. ఒకరిది ఇంకొకరు వాడే వస్తువు కాదని చెప్పి, ఫిజియోథెరపిస్టు ఫోన్ నంబరు రాసిచ్చాను.